చిన్న తెరపై పెద్ద పుట

గురజాడ అప్పారావుగారు బాల్యమున చదువుకొన్న ఊరు మా చీపురుపల్లి. వారి ‘కన్యాశుల్కము’ 1897లో మొదట అచ్చయినది. ఎంతయో పెంచి మార్చిన రెండవ కూర్పు 1909లో వెలువడినది. ఇట్టి పాత తెలుగు గ్రంథములు వేలకొలదిగ నేడు ఇంటర్నెట్ ఆర్కైవునందు ఉచితముగ లభించుచున్నవి. వానిలో పెక్కింటిని డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియావారు పుటపుటను స్కాన్ చేయించి భద్రపరచిరి.

అంగడిలో దొరకని పుస్తకములను ఇంటనే చదువుకొనవచ్చునను ఆశతో, చూపు మందగించిన మా యింటి పెద్దవారికై 6 అంగుళముల ఈ-ఇంకు రీడరు నొకదానిని తెప్పించితిమి. పాత నాటకపు ప్రతి నొకటి అందులో నెక్కించి చేతికిచ్చితిమి. వారు ఒక్క నిమిషము చూచి, “అక్షరాలేవి బాబూ? చీమలబారులు కనబడుతున్నాయి!” అని బల్లపై పెట్టివేసిరి. లోపము వారి కంటిలో లేదు, యంత్రములోను లేదు. అది ఆ పుస్తకము భద్రపరుపబడిన పీ.డీ.ఎఫ్. స్వభావమునందే కలదు.

ముందుగా తెర సంగతి. ఈ-ఇంకు తెరలో వెండ్రుక మందమంతటి గోళికలు లక్షలకొలదిగ నుండును. ఒక్కొక్క గోళికలో తెల్లని కణములును నల్లని కణములును వేర్వేరు విద్యుదావేశములతో తేలుచుండును. విద్యుత్తు సోకినప్పుడు ఏ కణములు పైకి వచ్చునో ఆ రంగు కనబడును. పుట ఏర్పడిన పిమ్మట దానిని నిలుపుటకు విద్యుత్తు అక్కరలేదు. కాగితమువలె వీధి అరుగుమీది వెలుతురులోనే చదువవచ్చును. వృద్ధులకు ఇది నచ్చుటకు కారణ మదియే.

ఇక పీ.డీ.ఎఫ్. దీనిని అడోబీ సంస్థ 1993లో ప్రవేశపెట్టినది. ఒక పుట ఏ యంత్రముపై చూచినను, ఎచ్చట అచ్చువేసినను ఒక్కతీరుగ నుండవలెనని దాని ఉద్దేశము. సామాన్యమైన ఈ-పుస్తకములోని మాటలు నీటివంటివి, పాత్రనుబట్టి సర్దుకొనును. పీ.డీ.ఎఫ్. పుట చట్రములో బిగించిన పటమువంటిది. చట్రము చిన్నదైనచో పటమంతయు కుదించుకొనవలసినదే. 6 అంగుళముల తెర వెడల్పు సుమారు 9 సెంటీమీటర్లు, ఎత్తు 12. దానిలో 22 సెంటీమీటర్ల పుస్తకపు పుట నిమిడ్చినచో అక్షరము సగమునకు దిగును. ఆఫీసు కాగితమైన ఏ-4 పుటలోని 12 పాయింట్ల అక్షరము 5 పాయింట్లగును.

దీనికి సులభోపాయ మొకటి కలదు. మొదట పుట చుట్టునున్న ఖాళీ అంచులను కత్తిరింపుమని యంత్రమునకు చెప్పవలెను. పిమ్మట తెరను అడ్డముగ త్రిప్పవలెను. అచ్చుభాగము 10 సెంటీమీటర్ల వెడల్పున్నదనుకొందము. అడ్డముగ త్రిప్పిన తెర వెడల్పు 12 గనుక అక్షరము అసలు అచ్చుకంటెను పెద్దదిగ కనబడును! పుటకు రెండు మూడుసార్లు తెర మార్చవలసియుండును, అంతియే శ్రమ. కేఓరీడర్ అను ఉచిత సాఫ్ట్‌వేరు ఈ పనిని చక్కగ చేయును. పటములు, పట్టికలు, రెండు వరుసల అచ్చు గల కాగితములకు మాత్రము 10 అంగుళముల తెర మేలు.

పుటను మాటలుగ ఖండించి కొత్త పంక్తులలో పేర్చు సాధనములును కలవు. మధ్యనున్న తెల్లని ఖాళీలనుబట్టి అవి పంక్తులను గుర్తించును. ఆంగ్లమునకు ఇది సులభము. తెలుగున పై పంక్తి వత్తులు క్రిందికి దిగును, క్రింది పంక్తి గుడులు పైకి లేచును. ఇరుకైన పాత అచ్చులో యంత్రము తికమకపడి వత్తును అక్షరమునుండి వేరుచేయుటయు కలదు. కంప్యూటరుపై కూర్చిన పుస్తకములదియు వేరొక చిక్కు. అను ఫాంటుల వంటి పాత పద్ధతులలో ఆంగ్లాక్షరముల స్థానములందు తెలుగు ఆకారములు నింపబడినవి. పుట కంటికి తెలుగే; మాటలను వెలికితీసినచో అర్థములేని ఆంగ్లాక్షరములు వచ్చును.

కావున స్కాన్ చేసినంతనే పుస్తకము పూర్తిగ మనకు దక్కినట్లు కాదు. దానిని యూనికోడ్ తెలుగులో టైపుచేసి, మూలముతో సరిచూచినప్పుడే చదువరి తన కంటికి తగినంతగ అక్షరమును పెంచుకొనగలడు. కావలసిన మాటను వెదకికొనగలడు. తెలుగు వికీసోర్సునందు స్వచ్ఛంద కార్యకర్తలు ఇట్టి పనినే పుటపుటగ చేయుచున్నారు. అక్షరజ్ఞానమును కొంత తీరికయును గలవా రెవరైనను అందు పాలుపంచుకొనవచ్చును.

మా పెద్దవారు ఇప్పుడు తెరను అడ్డముగ పట్టుకొని ఆ నాటకమే చదువుచున్నారు. అచ్చుతప్పు కనబడినప్పుడెల్ల మమ్ము పిలిచి చూపుచున్నారు. ఆ తప్పులను వ్రాసియుంచుటకు ఒక నోటుపుస్తకమును వారి ప్రక్కన నుంచితిమి.