నీటి రంగుతో ఆకాశం వేద్దాం

అక్కలారా! వాకిట్లో కల్లాపి ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పడితే ఏమవుతుంది? వాకిలి చారలు చారలుగా ఆరుతుంది. నీటి రంగూ అంతే. కాగితం మీద రంగునీటిని సమంగా పరచటాన్ని చిత్రకారులు 'వాష్' అంటారు. మనం పూత అందాం.

మందమైన డ్రాయింగు కాగితం, అట్ట, పెద్ద కుంచె, నీలం రంగు, పళ్ళెం, నీళ్ళు, కాస్త పత్తి కావాలి. పత్తికి మనకేం కొదవ! మిరపకాయలు కోసి వచ్చిన రోజు చేతులు సబ్బుతో కడుక్కోండి. మంట పోవటానికే కాదు. జిడ్డు అంటిన చోట రంగు పట్టదు.

కాగితాన్ని అట్టకు అంటించి, పైవైపు కొంచెం ఎత్తు పెట్టండి. రంగు ముందే సరిపడా కలుపుకోండి. సగంలో అయిపోతే, మళ్ళీ కలిపేలోపు కాగితం ఆరిపోతుంది. కుంచె నిండా రంగు తీసుకుని, ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్క గీత గీయండి. గీత అడుగున రంగునీరు నిలుస్తుంది. అది ఆరకముందే, దాన్ని తాకుతూ రెండో గీత వేయాలి. నీరు దాని వెంట కిందికి దిగుతుంది. అలా చివరిదాకా రండి. ఆఖరున మిగిలిన నీటిని పిండిన కుంచెతో తీసేయండి. లేకపోతే వెనక్కి పాకి మరక కడుతుంది. వేసిన చోట మళ్ళీ దిద్దవద్దు. పలక మీద దిద్దినట్టు ఇక్కడ దిద్దితే పూత చెడుతుంది.

గీత గీతకూ రంగులో నీరు పెంచితే పైన ముదురు, కింద లేత వస్తుంది. మన ఆకాశం కూడా పొలం గట్టు దగ్గర లేతగానే ఉంటుంది, చూడండి. తడి మీద పత్తితో అద్దితే తెల్లమబ్బులు. ఆ తెలుపు కాగితానిదే.

మా రాత్రి బడిలో ఒక అక్క ఆకాశం ఆరకముందే కింద మిరప కల్లం ఎరుపు వేసింది. ఎరుపు నీలంలోకి పాకింది. "కూలికి పోయేదాన్ని, నాకెందుకీ బొమ్మలు? కాగితం దండగ" అని లేచిపోబోయింది. అప్పుడు బందరు సంగతి చెప్పాను. 1920ల్లో అక్కడి ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద కుమార్ ఛటర్జీ బొమ్మలు నేర్పారు. అడివి బాపిరాజు ఆయన దగ్గరే నేర్చుకున్నారు. వాళ్ళ పద్ధతిలో బొమ్మ ఆరాక కాగితం మొత్తాన్ని నీళ్ళలో ముంచేవారు! ఆరబెట్టి మళ్ళీ రంగు వేసేవారు. ముంచిన కొద్దీ రంగులు మెత్తబడి ఒకదానిలో ఒకటి కలిసేవి. ఆ అక్క కాగితాన్నీ అలాగే తడిపి ఆరబెట్టాం. పాకిన ఎరుపు పొగమంచులా పలచబడింది. దాని మీదే ఆమె కల్లం మళ్ళీ వేసింది.

రెండో రంగు వేసే ముందు కాగితానికి చేతి వెనుకవైపు ఆనించండి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే.