మృగశిర తేజీలో చెరువు చేప వాటా ఎంత?

హైదరాబాద్: మృగశిర కార్తె ప్రవేశించే జూన్ 7, 8 తేదీల్లో జంటనగరాల చేపల మార్కెట్ ఏటా తేజీ అవుతుంది. ఆ రోజు చేప తినాలన్న ఆచారం తెలంగాణ ఇండ్లలో బలంగా ఉన్నది. ఏడాది పొడుగునా చేప ముట్టని వారు సైతం సంచి పట్టుకుని బయలుదేరతారు. ముషీరాబాద్, బేగంబజార్ మార్కెట్లలో తెల్లవారక ముందే బేరాలు మొదలవుతాయి. ఇంతవరకు అందరికీ తెలిసిన సంగతే. చెరువులో తెప్ప వేసి చేప పట్టేవాడికి ఈ తేజీలో దక్కేదెంత అన్నది మాత్రం ఎవరూ పెద్దగా అడగరు. బార్కస్ పరిసరాల్లో ఆ లెక్క కొంత విచిత్రంగా తేలుతుంది.

నిజాం సైన్యంలోని అరబ్బు సిపాయిల బారకాసుల నుంచి ఈ పేటకు ఆ పేరు వచ్చింది. ఈ పుట చదివేవారికి మందీ అంటే ధర పడిపోవడం. బార్కస్‌లో మందీ అంటే పళ్లెం నిండా అన్నం, మాంసం. మాంసానికి బదులు చేపతో వండే హోటళ్లూ లేకపోలేదు. పేటకు తూర్పున గుర్రం చెరువు, దక్షిణాన పహాడీషరీఫ్ దారిలో జల్‌పల్లి చెరువు ఉన్నాయి. అంటే సరుకు పుట్టే చోటుకూ అమ్ముడుపోయే చోటుకూ నడుమ లారీ అక్కరలేదు.

కొల్లేటిలో తాటిమాను తొలిచిన దోనె మీద వేట సాగుతుంది. కృష్ణ, తుంగభద్రల్లో వెదురు పుట్టి కనిపిస్తుంది. హైదరాబాదు చుట్టుపట్ల చెరువుల్లో ఆ రెండింటి పనినీ థర్మకోల్ దిమ్మలు కట్టిన తెప్ప చేస్తున్నది. చూడ్డానికి నాసిరకమే గాని పెట్టుబడి తక్కువ, భుజాన మోసుకు పోవచ్చు. పొద్దుగూకే వేళ వల పరచి వస్తారు, తెల్లవారుజామున ఒకరు తెడ్డు వేస్తుంటే మరొకరు వల ఎత్తుతారు. తెప్ప మోసే బరువు కొద్దిపాటిదే కనుక తెచ్చే సరుకూ కొద్దిపాటిదే. వ్యాపార దృష్టితో చూస్తే ఇది లోపం కాదు. కొద్ది సరుకు అయితే ప్రాణంతో ఉండగానే గట్టు మీద అమ్ముడుపోతుంది. ఐసు ఖర్చు లేదు, కమీషన్ లేదు. అయితే వల కొనడానికి వ్యాపారి దగ్గర అడ్వాన్సు తీసుకున్నవాడు, పట్టిన చేప ఆ వ్యాపారికే పోయవలసి వస్తుంది. అక్కడ ధర చెప్పేది వ్యాపారే.

బొచ్చె, రోహు ధరను ఈ చెరువులు నిర్ణయించవు. కైకలూరు, ఆకివీడు, భీమవరం ప్రాంతాల చెరువుల్లో మేత వేసి పెంచిన చేప ఐసు పెట్టెల్లో రాత్రికి రాత్రి నగరానికి చేరుతుంది. ఆ రాబడిని బట్టి ధర నిలుస్తుంది. కొర్రమీను సంగతి వేరు. అది నీటి పైకి వచ్చి గాలి పీల్చగలదు, తొట్టిలో జానెడు నీళ్లున్నా బతుకుతుంది. ప్రాణంతో ఉన్నదని కొనేవాడు కళ్లారా చూస్తాడు, అందుకే బొచ్చె, రోహులకు ఎన్నో రెట్లు చెల్లిస్తాడు.

ఇక అసలు చిక్కు క్యాలెండరులో ఉన్నది. రాష్ట్ర ప్రభుత్వం 2016-17లో ఉచిత చేప పిల్లల పంపిణీ ప్రారంభించింది. వాన నీటి చెరువులకు 35-40 మిల్లీమీటర్ల పిల్ల, ఏడాది పొడుగునా నీరుండే చెరువులకు, జలాశయాలకు 80-100 మిల్లీమీటర్ల పిల్ల అన్నది అందులో ఏర్పాటు. వానలు పడ్డాక వదిలిన పిల్ల ఎండాకాలానికి అమ్మకపు సైజుకు వస్తుంది. సరిగ్గా అప్పుడే పల్లె చెరువు ఎండిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఊరూరా ఒక్కసారిగా వలలు లాగుతారు, సరుకు పోటెత్తి ధర దిగుతుంది. నెల ఆగితే మృగశిర. కాని నీరు లేని చోట చేపను ఆపేదెలా? పండించినవాడు మందీలో అమ్ముకుంటే, తేజీని లారీలో వచ్చిన సరుకు అందుకుంటున్నది.

నగరం అంచు చెరువులకు ఆ బెడద తక్కువ. ఇండ్ల మురుగు నీరు చేరడం వల్ల అవి వేసవిలోనూ ఎండవు. వర్తకుడి భాషలో చెప్పాలంటే అది అద్దె లేని గిడ్డంగి; జూన్ దాకా సరుకు నిలువ ఉంచవచ్చు. కాని గిడ్డంగిని నిలబెట్టిన నీరే సరుకు పేరు చెడగొడుతున్నది. ఏ చెరువు చేప అని కొనేవాడు అడుగుతాడు. జవాబు నచ్చకపోతే ధర తగ్గించి అడుగుతాడు, లేదా ఐసు చేప వైపు తిరుగుతాడు. ఆ అనుమానాన్ని తప్పు పట్టలేము. పరిశ్రమల వ్యర్థాలు కలిసే నీటిలో పెరిగిన చేప వేరు, వాన నీటి చేప వేరు. కాని పరీక్ష చేసి ఈ చెరువు మంచిదని చెప్పే ఏర్పాటు గట్టు మీద లేకపోవడంతో మంచి చెరువు కూడా చెడ్డ చెరువు ధరకే అమ్ముకోవలసి వస్తున్నది.

మురుగు ఎక్కువైన నీటిలో ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా పడిపోతుంది. మబ్బు పట్టిన రోజుల్లో మరీను. బొచ్చె, రోహు ముందు తేలతాయి, కొర్రమీను తట్టుకుంటుంది. 2017 అక్టోబరులో పటాన్‌చెరు సమీపాన గండిగూడెం చెరువులో చేపలు పెద్దఎత్తున చచ్చి తేలినప్పుడు ఒక సీజను పెట్టుబడి కొద్ది గంటల్లో గట్టు మీద కుప్పపడింది. వరద నష్టం ఇంకొక తీరు. 2020 అక్టోబరు వానలకు గుర్రం చెరువు కట్ట తెగి దిగువన హఫీజ్‌బాబానగర్ ఇండ్లలోకి నీరు చేరింది. ఆస్తినష్టం ముందు చేప లెక్క చిన్నదే. అయినా కట్ట తెగిన చెరువులో పిల్ల నిలవదు, మళ్లీ పోయాలి, మళ్లీ ఏడాది ఆగాలి. గుర్రపుడెక్క సంగతి చెప్పనే అక్కరలేదు. అది కమ్ముకున్న చోట తెప్ప కదలదు, వల దిగదు.

మురుగును చెరువులోకి రాకుండా మళ్లించాలన్న మాట తరచు వినిపిస్తున్నది. మంచిదే. కాని నీటిని పూర్తిగా మళ్లించి ఊరుకుంటే ఈ చెరువులూ పల్లె చెరువుల మాదిరే మే నెలలో అడుగంటుతాయి. తెప్పవాడికి కావలసినది శుద్ధి చేసిన నీరు తిరిగి అదే చెరువులోకి రావడం. పథకం కాగితాల్లో ఇండ్లు, డ్రైనేజీ లైన్లు లెక్కకు వస్తాయి గాని, జూన్ 8 ఉదయం ఎంత చేప గట్టుకు చేరుతుందన్న లెక్కకు అందులో గడి ఉండదు.