పేకాట పోటీలలో మర్యాద నియమములు

పేకాట యను మాట వినినంతనే పెద్దలు కనుబొమలు ముడుచుట సహజము. పందెమునకై ఆడి యిల్లు గుల్ల చేసికొన్నవారిని ఎఱుగని యూరు లేదు. ఆ జూదమును మేము సమర్థింపము. పందెము లేక, తెలివికి పరీక్షగా జరుగు పోటీలను గూర్చియే యిచట విచారింపదలచితిమి. ఆటలో మర్యాదను నియమములచేత నిలుపవచ్చునా? నిలుపబోయి ఎవరికైన అన్యాయము చేయుదుమా?

పేకాటలన్నియు నొక్కటి కావు. సికింద్రాబాదులోని యొక క్లబ్బునకు సంబంధించిన వ్యాజ్యెములో 1967వ సంవత్సరమున సుప్రీంకోర్టువారు రమ్మీని ప్రధానముగా నేర్పుతో గూడిన ఆటగా నిర్ణయించిరి. పడిన ముక్కలను జ్ఞప్తియందుంచుకొనుటయు, ఏది యుంచవలెనో ఏది విడువవలెనో తెలియుటయు నేర్పే యనిరి. మూడు ముక్కలాటలు మాత్రము కేవలము అదృష్టముపై నాధారపడునవని చెప్పిరి. నేర్పున్నచోటనే న్యాయమైన పోటీకి తావు కలదు. అట్టి యాటలలో బ్రిడ్జి లోకప్రసిద్ధము. 2018లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడలలో మన దేశపు జంట దానియందు స్వర్ణపతకమును గెలిచినది.

బ్రిడ్జిలో ఇద్దరేసి జంటగా నాడుదురు. జంటవాని చేతిలోని ముక్కలు తనకు తెలియరాదు. ఇందు తప్పులు రెండు విధములు. మొదటిది కంటికి కనబడునది. అడిగిన రంగు చేతనుండగా వేరొక రంగు ముక్కను వేసినచో, పిమ్మట ముక్కలు చూచి నిర్ణయింపవచ్చును. ఎదుటిపక్షమునకు ఎంత లాభము చేర్చవలెనో నియమములోనే యున్నది. పొరపాటున చేసినను ఆ దిద్దుబాటు తప్పదు గనుక, మధ్యస్థుడు ఆటగాని మనస్సును శోధింపనక్కఱలేదు.

రెండవది మనస్సులో దాగియుండునది. ఒకడు చాలసేపు ఆలోచించినను, నిట్టూర్చినను, జంటవానికి ఏదో తెలియును. ఇచట బ్రిడ్జి నియమములు మిక్కిలి న్యాయముగా నున్నవి. ఆలోచించుట నేరము కాదు. దానివలన తెలిసినదానిని జంటవాడు వాడుకొనుటయే తప్పు.

అయినను నిరూపణ కష్టము. 1975లో బెర్ముడాలో జరిగిన ప్రపంచ పోటీలలో ఇటలీ జంటలోని యొకడు బల్లక్రింద జంటవాని పాదమును తాకుచున్నాడని ఆరోపణ వచ్చెను. అధికారులు ఆ ప్రవర్తనను తీవ్రముగా మందలించిరి గాని, దానివలన రహస్యము చేరినదని నిర్ణయింపలేదు. ఆ పోటీలలోనే ముఖములు కనబడకుండ బల్లపై తెర కట్టు పద్ధతి మొదలయ్యెను. తరువాత బల్లక్రిందను అడ్డు పెట్టిరి. అనుమానించి శిక్షించుటకంటె అవకాశమును తొలగించుట మేలు గదా!

ఈ సూత్రము మనకును వర్తించును. మదనపల్లె, పుంగనూరు, కుప్పము బాలురు ఒకచోట పోటీకి కూడిరనుకొందము. కుప్పము ప్రాంతమున తెలుగు, తమిళము, కన్నడము మూడును వినబడును. అచటి బాలుడొకడు అలవాటుచొప్పున జంటవానితో ఒక తమిళపు మాట యనెను. తక్కినవారికది సంకేతముగా తోచవచ్చును. “మర్యాద తప్పినవానిని వెలివేయుదుము” అను నియమమొక్కటే యున్నచో, మధ్యస్థుడు దేనిని ఆధారము చేసికొనును? నిరపరాధి యింటికి దొంగ యను పేరుతో పోవును. “ఆట సాగునపుడు ఏ భాషయందును మాటాడరాదు” అని ముందే చదివి వినిపించినచో, నియమము అందఱికి సమానము. తప్పినయెడల అందఱికి వినబడును.

బ్రిడ్జి నియమావళిలో మఱియొక వివేకము కలదు. “చేయవచ్చును”, “చేయుట తగును”, “చేసితీరవలెను” అను మాటలకు వేఱువేఱు బరువులు నిర్ణయించిరి. మొదటిదానిని విడిచిన తప్పు లేదు. రెండవదానిని మీరిన తప్పేగాని శిక్ష అరుదు. మూడవదానిని మీరుట మిక్కిలి గొప్ప తప్పు. ఎదుటివారిని నొప్పింపక మర్యాదగా మెలగవలెనను విధియు ఆ నియమావళిలో నున్నది. కాని చిఱునవ్వుతో ఓటమిని అంగీకరించుటను ఏ మధ్యస్థుడు బలవంతపెట్టగలడు?

కావున మా యభిప్రాయమిది. చూడదగినదానికి, వినదగినదానికి నియమము వ్రాయుడు. దానిని ధనికునికి పేదకు, మన పాఠశాలకు పరపాఠశాలకు సమముగా అమలుజరుపుడు. తక్కినది ఇంట తల్లిదండ్రులును, బడిలో ఉపాధ్యాయులును నేర్పవలసినదే. విద్యార్థులారా! తెర లేనిచోటను తెర యున్నట్లు ఆడువాడే నిజమైన ఆటగాడు.