పాత జీపుకు హీటర్ పెట్టిస్తున్నారా? చలి సంగతి తర్వాత.. ముందు అద్దం సంగతి చూడండి!

చలికాలం తెల్లవారుజామున భద్రాచలం నుంచి చింతూరు వైపు వెళ్లే పాత జీపుల్లో ఒక సీన్ కామన్‌గా కనిపిస్తుంది. డ్రైవర్ ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని, ఇంకో చేత్తో గుడ్డ తీసుకుని అద్దం లోపలివైపు తుడుస్తూ ఉంటాడు. తుడిచిన రెండు నిమిషాలకే మళ్లీ తెల్లటి పొర కమ్మేస్తుంది. బయట గోదావరి గాలి, అడవి తేమ, దట్టమైన పొగమంచు. లోపల ఎనిమిది తొమ్మిది మంది జనం. ముక్కోటి ఏకాదశి రోజైతే చెప్పక్కర్లేదు. ఉత్తర ద్వార దర్శనానికి తెల్లారేసరికి రామాలయం దగ్గర ఉండాలని చుట్టుపక్కల ఊళ్ల నుంచి చీకట్లోనే బయల్దేరతారు.

కొత్త కారైతే ఏసీ బటన్ నొక్కి గాలిని అద్దం మీదకు తిప్పితే సరిపోతుంది. కానీ ఏజెన్సీలో ఇంకా తిరుగుతున్న పాత మహీంద్రా జీపుల్లో, విప్పి మళ్లీ కట్టించుకున్న బండ్లలో చాలావాటికి ఏసీ లేదు, హీటర్ కూడా లేదు. "మన దగ్గర ఎండలకే చస్తుంటే హీటర్ ఎందుకు?" అని నవ్వేవాళ్లూ ఉన్నారు. నిజమే, ఒళ్లు వెచ్చబడటానికి అయితే ఒక దుప్పటి చాలు. హీటర్ అసలు పని వేరే ఉంది.

అద్దం ఎందుకు మసకబారుతుంది?

గాలి ఎంత వెచ్చగా ఉంటే అంత ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకోగలదు. 12 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలిలో సుమారు 11 గ్రాముల ఆవిరే పడుతుంది. 30 డిగ్రీల దగ్గరైతే దాదాపు 30 గ్రాములు. జీపులో కూర్చున్నవాళ్ల ఊపిరితో, తడిసిన బట్టలతో లోపలి గాలిలో తేమ పెరుగుతూనే ఉంటుంది. ఆ గాలి చల్లటి అద్దానికి తగలగానే ఆవిరి నీటి చుక్కలై అంటుకుంటుంది.

ఇప్పుడు బయటి 12 డిగ్రీల గాలినే తీసుకుని 30 డిగ్రీలకు వేడి చేశారనుకోండి. అందులో ఉన్న ఆవిరి అదే 11 గ్రాములు, పట్టే చోటు మాత్రం మూడు రెట్లు. అంటే ఆ గాలి 'దాహంతో' ఉంటుంది. అద్దం మీద పడగానే అక్కడి తడిని లాగేసుకుంటుంది. అందుకే హీటర్ గాలి బయటి నుంచి తీసుకోవాలి. లోపలి గాలినే తిప్పి తిప్పి వేడి చేస్తే జనం వదిలిన ఆవిరి మళ్లీ అద్దం దగ్గరికే వస్తుంది. చాలామంది చేసే పొరపాటు ఇదే.

ఒక మాట గుర్తుంచుకోవాలి. హీటర్ అద్దాన్ని శుభ్రం చేస్తుంది గానీ రోడ్డు మీది పొగమంచును కాదు. మారేడుమిల్లి ఘాట్ రోడ్డులో డిమ్ లైటు, తక్కువ స్పీడు ఎలాగూ తప్పవు.

బ్రిటన్‌లో కిట్ కార్లది ఇదే తలనొప్పి

విడి భాగాలుగా కొని ఇంట్లోనే బిగించుకునే కార్లను కిట్ కార్లు అంటారు. 1957లో కోలిన్ చాప్‌మన్ తెచ్చిన లోటస్ సెవెన్ వీటిలో బాగా పేరున్నది. అలా అమ్మితే పన్ను తగ్గేది కాబట్టి బ్రిటన్‌లో జనం ఎగబడ్డారు. ఇలాంటి కార్లలో హీటర్‌ను చాలామంది అనవసరపు బరువు కింద లెక్కేస్తారు. తీరా కారు పూర్తయ్యాక చలికాలం వచ్చేసరికి అద్దం కనిపించక, డ్యాష్‌బోర్డు విప్పి హీటర్ పెట్టడానికి అవస్థ పడతారు.

మన దేశంలో దానికి దగ్గరగా ఉన్నవి హర్యానాలోని మండీ డబ్వాలీ జీపులు. పాత భాగాలు తెచ్చి అక్కడి వర్క్‌షాపుల్లో కొత్తగా కట్టే జీపులకు ఆ ఊరు ఫేమస్. వాటి మీద చట్టపరమైన చిక్కులూ ఉన్నాయి, ఆ సంగతి తర్వాత.

వేడి ఎక్కడి నుంచి వస్తుంది?

ఆన్‌లైన్‌లో లైటర్ సాకెట్‌కు పెట్టుకునే చిన్న 'కార్ హీటర్లు' దొరుకుతాయి. వాటి మీద డబ్బు పెట్టకపోవడమే మంచిది. 150 వాట్ల హీటర్ 12 వోల్టుల దగ్గర పన్నెండున్నర ఆంపియర్లు లాగుతుంది, అయినా పాత 100 వాట్ల బల్బు ఒకటిన్నర ఇచ్చేంత వేడే ఇస్తుంది. మామూలు కారు హీటర్ ఇచ్చేది 3,000 నుంచి 5,000 వాట్లు. మూడు నాలుగు ఇస్త్రీ పెట్టెలంత. ఇదంతా ఫ్రీ. ఎందుకంటే కాలిన డీజిల్ శక్తిలో పెద్ద వాటా కూలెంట్ ద్వారా రేడియేటర్‌కు పోయి వృథా అవుతోంది. అందులో కొంచెం పక్కకు తిప్పుకోవడమే హీటర్.

ఇంజిన్ హెడ్డు దగ్గర, థర్మోస్టాట్‌కు ముందు, వేడి నీళ్లు తీసుకోవాలి. ఒక హోస్ పైపు ద్వారా హీటర్ బాక్సులోని చిన్న రేడియేటర్‌లోకి పంపాలి. అక్కడి నుంచి వాటర్ పంప్ లోపలికి లాగే వైపు కలపాలి. కొన్ని ఇంజిన్లకు దీనికోసమే బోల్టుతో మూసిన రంధ్రం ఉంటుంది. మధ్యలో ఒక వాల్వ్ పెడితే వేసవిలో మూసేయొచ్చు. బాక్సు వెనక బ్లోయర్, అక్కడి నుంచి అద్దం అడుగు దాకా రెండు పైపులు. కాళ్ల మీదకు గాలి వస్తే హాయిగానే ఉంటుంది, కానీ అద్దానికి పైపులు లేకుండా బిగిస్తే సగం పని మిగిలిపోయినట్టే.

మన ప్రాంతంలో మాత్రం ఇంతకన్నా ముందు చూడాల్సింది ఒకటుంది. ఇంజిన్ వేడెక్కుతోందని చాలామంది మెకానిక్‌లు థర్మోస్టాట్ పీకేస్తారు. అది లేని బండిలో చలిపూట కూలెంట్ 80 డిగ్రీలకు ఎక్కడమే కష్టం, ఘాట్ దిగేటప్పుడు ఇంకా చల్లబడుతుంది. హీటర్ ఎంత మంచిదైనా గోరువెచ్చటి గాలే వస్తుంది. అప్పుడు హీటర్‌ను తిడతారు! థర్మోస్టాట్ తిరిగి పెట్టించాలి. దాంతో ఇంజిన్ వేడెక్కితే అసలు రోగం రేడియేటర్‌లోనో పంప్‌లోనో ఉన్నట్టు.

ఇంకో చిక్కు ఎయిర్ లాక్. హీటర్ బాక్సు రేడియేటర్ మూత కన్నా ఎత్తులో ఉంటే గాలి అందులో ఇరుక్కుంటుంది, నీళ్లు తిరగవు. బండి ముందు భాగాన్ని ఎత్తు మీద పెట్టి, హీటర్ వాల్వ్ తెరిచి, నెమ్మదిగా కూలెంట్ పోయాలి. ఇదంతా ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే. వేడి మీద మూత తీస్తే చేతులు, మొహం కాలిపోతాయి. బోరు నీళ్లు పోయొద్దు, ఉప్పు పేరుకుని సన్నటి గొట్టాలు పూడుకుపోతాయి.

కరెంటు పని చిన్నదే. బ్లోయర్ ఎనిమిది ఆంపియర్ల వరకు లాగొచ్చు కాబట్టి విడిగా వైరు, రిలే, బ్యాటరీకి దగ్గర్లో ఫ్యూజ్ ఉండాలి. లైట్ల వైరుకు అతికించొద్దు.

ప్రాణం తీసేది చలి కాదు, పొగ

వేడి సైలెన్సర్ గొట్టం చుట్టూ రేకు చుట్టి ఆ గాలిని లోపలికి వదలడం సులువుగా కనిపిస్తుంది. పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ హీటర్ కూడా ఇంజిన్ పొగ వేడితోనే నడిచేది. కానీ గొట్టానికి వెంట్రుకంత పగులు వచ్చినా కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది. దానికి రంగు ఉండదు, వాసన ఉండదు. తలనొప్పి, మత్తు, వాంతి వచ్చేలా ఉండటం.. నిద్ర సరిపోలేదేమో అనుకునేలోపే మనిషి స్పృహ తప్పుతాడు. నీళ్ల హీటర్ పెట్టినా సరే, ఇంజిన్‌కు క్యాబిన్‌కు మధ్య రేకులో చేసిన ప్రతి రంధ్రానికీ రబ్బరు గ్రోమెట్ వేసి సీల్ చేయాలి. రెక్సిన్ టాపు జీపులో వెనక నుంచి కూడా పొగ లోపలికి లాగుతుంది. ఇంజిన్ ఆన్‌లో ఉంచి, అన్నీ మూసుకుని పడుకోవద్దు. బండిలో కుంపటి అసలే వద్దు.

ఆర్టీఓ ఏమంటారు?

తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదని 2019 జనవరి 9న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52లో 'మార్పు' అంటే వాహనం ప్రాథమిక లక్షణమే మారేలా నిర్మాణంలో చేసే మార్పు. అదే ఏడాది వచ్చిన సవరణతో అనుమతి లేని మార్పులకు యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఇంజిన్, ఛాసిస్ జోలికి పోని హీటర్ బాక్సు వేరే సంగతి. అయినా రంధ్రాలు కొట్టకముందే ఎంవీఐని అడగడం, ఇన్సూరెన్స్ వాళ్లకు రాసి ఇవ్వడం మేలు. ఛాసిస్ నంబరే సరిగా లేని బండికి మాత్రం హీటర్ కన్నా పెద్ద సమస్యే ఉంది.

బిగించాక మొదటి వారం రోజూ కూలెంట్ మట్టం, హోస్ క్లిప్పులు చూసుకోవాలి. లోపల తియ్యటి వాసన వచ్చినా, అద్దం మీద జిడ్డు పొర కనిపించినా హీటర్ బాక్సు లీకవుతున్నట్టు. కూలెంట్ విషం, తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, కింద పడితే వెంటనే కడిగేయాలి. మార్చి రాగానే వాల్వ్ మూసేస్తే సరి, లేదంటే భద్రాచలం ఎండలో ఆ జీపెక్కే నాథుడుండడు.