ఆసు యంత్రము - ఇల్లాలి పద్దు

మగ్గముపై కూర్చున్నవాడే నేతగాడని లోకము తలచును. కాని 2019-20 నాటి అఖిల భారత చేనేత గణనలో ఈ వృత్తివారు 100కి 72 మంది స్త్రీలే. ఈశాన్య రాష్ట్రములలో వారే నేయుదురు. మన ఇండ్లలో కండెలు చుట్టుట, పడుగు సరిచేయుట, గంజి పట్టుట ఎక్కువగా వారి పాలు.

పోచంపల్లివైపు ఆసు గూడ గలదు. చిటికి కట్టుటకు ముందు, అర్ధచంద్రాకారముగ బిగించిన మేకులకును ఎదుటి మేకునకును నడుమ పేక దారమును త్రిప్పుచు పోవలెను. ఒక్క చీరకు చేయి సుమారు 9000 సార్లు ఆడవలెను. నాలుగైదు గంటల పని. రెండు చీరలకు ఆసు పోసిన దినము భుజము సంగతి, అక్కడ చుట్టములున్నవారికి చెప్పనక్కరలేదు.

ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశము తల్లి లక్ష్మి బాధ చూడలేక 1992లో యంత్రమునకు పూనుకొనెను. పెద్ద చదువు లేదు, చేత డబ్బు లేదు. 1999లో పూర్తిచేసి తల్లి పేరనే 'లక్ష్మీ ఆసు యంత్రము' అనెను. మోటారు దారమును త్రిప్పును; దారము తెగిన ముడివేయుటకు మనిషి యుండిన చాలును. పని గంటన్నరలో తీరును. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చినది.

సరే, మిగిలిన మూడు గంటలు ఎవరివి? ఆ ఇల్లాలు పొరుగిండ్లకు ఆసు పోసిన, ఆ కూలి ఎవరి పుస్తకమున పడవలెను?

మన ఊళ్లలో ఆసు లేకున్నను, కండె రాట్నమునకు మోటారు బిగించినచోట ప్రశ్న ఇదే. మా సంఘములో కండె కూలి చీర కూలిలోనే కలిసి మగవాని పాసుపుస్తకమున పడుచుండెడిది. ఆ పుస్తకములు వ్రాసినది నేనే. అది తప్పని నాకు తోచలేదు. ఒక సభ్యుడు చనిపోగా, ఇరువది ఏండ్లు కండెలు చుట్టిన ఆయన భార్యకు నూలు ఇచ్చుటకు పద్దు లేదు. ఆమె సభ్యురాలు కాదు. వాటా పేరు మారువరకు ఆ ఇంట మగ్గము ఆడలేదు.

తరువాత కండె కూలికి వేరు పద్దు తెరచితిమి. కొందరు మగవారు గొణిగిరి; డబ్బు ఆ ఇంటికే చేరుచున్నదని చూచి ఊరకుండిరి.

యంత్రము కొనువారు రసీదు, అప్పు, బ్యాంకు ఖాతా దానిని నడుపు స్త్రీ పేరనే పెట్టుకొనవలెను. వచ్చిన కూలి, కరెంటు ఖర్చు, మరమ్మతు ఒక చిన్న పుస్తకమున ఆమెయే వ్రాసికొనవలెను. మరల అప్పునకు పోయినపుడు అది చేతనుండవలెను. వాటా దరఖాస్తులో భర్త పేరునకు వేరు గడి గలదు. సభ్యుని గడిలో ఆమె పేరు వ్రాయుడు.