తొలినాటి ఆకలి

మెట్టుగూడ రైల్వే క్వార్టర్లలో పెరిగిన నాకు మొదటి విదేశ భోజనము, విమానమెక్కుటకు ముప్పది యేండ్లు ముందుగనే, మా యింటికి రెండిండ్ల కవతల, ఒక ఆదివారము మధ్యాహ్నమున లభించినది. 1893లో నిజాము రైల్వేవారు లాలాగూడలో కర్మాగారము నెలకొల్పిన పిమ్మట ఇంజను డ్రైవర్లుగను, గార్డులుగను, ఫోర్‌మన్లుగను పనిచేయుచు ఆ పరిసరములయందు స్థిరపడిన ఆంగ్లో-ఇండియన్ కుటుంబములలో ఒకటి మా పొరుగున నుండెడిది. ఆ యింటి ఆంటీ పసుపన్నముతోడను, కైమా ఉండల కూరతోడను వడ్డించిన ‘పెప్పర్ వాటర్’ను దొరల పానీయమేదో యని జంకుచు గ్రుక్కెడు మ్రింగినంతనే, అది జలుబు చేసిననాడు మా అమ్మ కాచెడి మిరియాల చారే యని నాలుక సాక్ష్యము పలికినది. పేరు మాత్రము టోపీ పెట్టుకొని వచ్చినది.

పరదేశమున అడుగిడిన మొదటినాడు ఏమి తినవలెనను ప్రశ్న పుట్టినప్పుడెల్ల నాకా చారు జ్ఞప్తికి వచ్చును. మనవారు యాత్రకు బయలుదేరునప్పుడు పాస్‌పోర్టుకంటె ముందు ఆవకాయ సీసాను భద్రపరతురు. దిగినపూటనే హోటలు గదిలో దానిని విప్పి, పెరుగన్నమునకై ఊరంతయు గాలింతురు. ఆవకాయకు నేను శత్రువును గాను. కాని దానిని మూడవనాటికి దాచియుంచుట మేలని నా మతము. ఏలయన ఇంటిమీది బెంగ మూడవనాడు పుట్టును, మొదటినాడు పుట్టునది కుతూహలము, అది మరల రాదు. అయితే ఆ కుతూహలమునకు కళ్లెమొకటి యుండవలెను: కన్నులయెదుట పెనముమీదనుండి దిగిన వేడి పదార్థమును, స్వహస్తమున తొక్క యొలిచికొనిన పండును నమ్మవచ్చును గాని, కోసి పరచియుంచిన ముక్కలను, మంచుగడ్డలు వేసిన పానీయములను ఆనాటికి దూరముంచుట కడుపునకు క్షేమము. ఊరివారు బారులుతీరి నిలుచున్న దుకాణము మరింత శ్రేష్ఠము. అచ్చట సరకు నిలువ యుండదు.

ఈ నియమములను మూటగట్టుకొని మారిషస్ దీవిలో దిగి, గడియారమును గంటన్నర వెనుకకు త్రిప్పుకొని, బస చేసిన క్యూర్‌పీప్ నుండి పోర్ట్ లూయీ నగరమునకు మెట్రో యెక్కితిని. మెట్టుగూడ మీదుగా 2017 నుండి పరుగెత్తుచున్న మెట్రోను కట్టిన ఎల్ అండ్ టీ వారే దీనినిగూడ కట్టిరని విని, రైల్వే క్వార్టర్లవానికి సహజమైన గర్వముతో కిటికీప్రక్కన కూర్చుంటిని.

సెంట్రల్ మార్కెటులో నోటికంటె ముందు చెవులు భుజింప నారంభించినవి. ఫ్రెంచి భాషనుండి పుట్టిన క్రియోల్‌లో బేరములు సాగుచుండగా, ఆకుకూరల బల్లలకడ కొత్తిమీరను ‘కోతోమిలి’ యనియు, కరివేపాకును ‘కారిపులే’ యనియు, మునగాకును ‘బ్రెద్ మురుం’ అనియు పిలుచుచుండిరి. ఇవి తమిళుల నోటినుండి జారిన మాటలే యైనను, పరాయి సంతలో పినతల్లి బిడ్డ యెదురైనంత సంతోషము నాకు కలిగినది.

ఆ మాటలు అచ్చటికెట్లు చేరెనో తెలియగోరువాడు మార్కెటునుండి సముద్రపుటొడ్డునకు కొలది దూరము నడిచిన చాలును. 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించిన, వలస కూలీలు దిగిన ఆప్రవాసీ ఘాట్ అచ్చటనే యున్నది. 1834 నవంబరు 2న ‘అట్లాస్’ అను ఓడ ఈ దీవికి చేరినది మొదలు, దాదాపు నాలుగున్నర లక్షలమంది భారతీయులు ఒడంబడికలు చేసికొని చెరకు తోటల పనికి వచ్చిరి. వారిలో తెలుగువారిని, గోదావరీ ముఖమునగల కోరంగి రేవు పేరనే, ‘కొరంగీ’లని పిలిచిరి. కూలీలకు జీతముతోబాటు బియ్యము, పప్పు, ఉప్పు కొలిచి యిచ్చెడివారు; ఆనాడు దోసిట కొలిచి పోసిన పప్పే నేడు ఆ దేశపు వీధి భోజనమునకు ప్రాణము.

దాల్‌పురీని చూడుడు. ఉడికించి పొడిచేసిన పప్పును జీలకర్రతోను, పసుపుతోను కలిపి, గోధుమపిండిలో పూర్ణముగా నుంచి, పలుచగా ఒత్తి పెనముమీద కాల్చెదరు, జతగానే అమ్మెదరు, ఒకదానిపై నొకటి పరచి, చిక్కుడుగింజల కూరయు, టొమాటో ‘రుగాయ్’యు, ‘సతినీ’ యనబడు మన చట్నీయు నించి, కాగితమున చుట్టి చేతికిత్తురు. బీహారునుండి వచ్చిన భోజ్‌పురీల వంటకమని పెద్దలందురు గాని, నా నోటికది బెల్లము మరచిన బొబ్బట్టు. ‘గాతో పిమా’ అనగా మిరప కేకు; నానిన పప్పును రుబ్బి, పచ్చిమిర్చియు, ఉల్లికాడలును చేర్చి నూనెలో వేచిన పప్పువడకే ఆ ఫ్రెంచి బిరుదము, దానిని వెన్నపూసిన రొట్టె నడుమనుంచి ఉదయము పూట తిందురు. మరల టోపీయే!

రెండవ జత కట్టించుకొనునప్పుడు అంగడివాడు ‘పిమా?’ యని గరిటె యెత్తెను. గుంటూరు కారము తిన్నవాడనుగదా యను అహంకారముతో తల యూపితిని. ఆ దీవి చిట్టి మిరపకాయ నా అహంకారమును మొదటి కబళముననే కన్నీటిగా కరగించినది. ప్రక్క బల్లకడ పాలలో సబ్జాగింజలు, అగర్ జెల్లీ తురుము, మంచు కలిపిన ‘అలూదా’ అమ్ముచుండిరి. అది సికింద్రాబాదు ఫలూదాకు సాక్షాత్తు తోబుట్టువు. మంచు వేసిన పానీయము మొదటినాడు కూడదని పైన వ్రాసినవాడను నేనే. రెండు గ్లాసులు త్రాగితిని.