క్లోరిన్ ఉన్నా నాచు ఎందుకు?

ఢిల్లీ ఛత్తర్‌పూర్ ఫామ్‌హౌసుల్లో, పక్కనున్న గురుగ్రామ్ విల్లాల్లో సొంత ఈతకొలను ఉన్నవాళ్లకు మే, జూన్ నెలల్లో ఏదో ఒక ఉదయం ఈ గొడవ తప్పదు. నిన్నటిదాకా అడుగు పలకలు లెక్కపెట్టగలిగేలా ఉన్న నీళ్లు తెల్లారేసరికి పచ్చగా మసకబారి ఉంటాయి. మెట్టు మీద కాలు పెడితే జర్రున జారుతుంది. పూల్ చూసుకునే కుర్రాడేమో "క్లోరిన్ వేశాను సార్" అంటాడు. చాలాసార్లు అది నిజమే. వేసిన క్లోరిన్ పనిచేసిందా అన్నది వేరే ప్రశ్న.

నాచు కణాలు రాకుండా ఆపడం ఎవరి తరమూ కాదు. రాజస్థాన్ వైపు నుంచి వీచే ధూళి తుఫాను, ఇక్కడివాళ్లు ఆంధీ అనేది, ఒక్కసారి వస్తే చాలు. రాలిన వేపాకు, దుమ్ము, వాటితో ఫాస్ఫేటు, నాచు బీజాలు అన్నీ కొలనులోకి దిగుతాయి. మిగతా తిండి మనమే పోస్తాం. ఢిల్లీ, దాని చుట్టుపక్కల చాలా కొలనులు నిండేది బోరు నీళ్లతోనో, ట్యాంకరుతోనో. ఢిల్లీలో చాలాచోట్ల భూగర్భజలంలో నైట్రేటు తాగునీటి పరిమితి అయిన లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటిందని కేంద్ర భూగర్భజల మండలి నివేదికలు చెబుతున్నాయి. ఇసుక ఫిల్టరు దాన్ని పట్టలేదు. పొలంలో యూరియా చేసే పనే ఇక్కడ నైట్రేటు చేస్తుంది.

ఇక అసలు కిటుకు పీహెచ్‌లో ఉంది. నీళ్లలో కలిసిన క్లోరిన్ రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి హైపోక్లోరస్ ఆమ్లం. దానికి విద్యుదావేశం లేదు కాబట్టి నాచు కణం గోడ దాటి లోపలికి సులువుగా చొరబడుతుంది. రెండోది హైపోక్లోరైట్ అయాను. రుణావేశం ఉన్న ఆ రూపం గోడ దగ్గరే ఆగిపోతుంది, చంపే శక్తి చాలా తక్కువ. పీహెచ్ 7.2 దగ్గర దాదాపు మూడింట రెండు వంతులు మొదటి రూపంలో ఉంటే, 7.5 దగ్గర సగం, 8 దగ్గర పావు వంతే. 8.5కి వెళ్తే మిగిలేది పదో వంతు.

నాచు పగలంతా ఎండలో నీళ్లలోని కార్బన్ డయాక్సైడును పీల్చేస్తుంది. అది తగ్గేకొద్దీ పీహెచ్ పైకి పోతుంది. పీహెచ్ పెరిగితే క్లోరిన్ నీరసిస్తుంది, నాచు ఇంకా పెరుగుతుంది. అంటే తనను చంపే మందును తానే నిర్వీర్యం చేసుకుంటుందన్నమాట. చవగ్గా దొరుకుతుందని వేసే బ్లీచింగ్ పౌడరు కూడా పీహెచ్‌ను పెంచేదే. అందుకే క్లోరిన్ ఒక్కటే చూసి పీహెచ్ చూడకపోవడం నా దృష్టిలో సగం కొలతే.

ఎండ సంగతీ ఉంది. ఢిల్లీ మండుటెండలో రక్షణ లేని క్లోరిన్‌లో చాలా భాగం రెండు మూడు గంటల్లో అతినీలలోహిత కిరణాలకు విరిగిపోతుంది. సైనూరిక్ ఆమ్లం దాన్ని కాపాడుతుంది. టీసీసీఏ అనే క్లోరిన్ బిళ్లల్లో అది కలిసే ఉంటుంది. చిక్కేమిటంటే, క్లోరిన్ ఖర్చయిపోయినా సైనూరిక్ ఆమ్లం నీళ్లలోనే ఉండిపోతుంది. నీరు ఆవిరైనా అది పోదు. లీటరుకు 30 నుంచి 50 మిల్లీగ్రాములు మేలు. వంద దాటితే క్లోరిన్‌ను అదే కట్టిపడేస్తుంది. అప్పుడు కొన్ని నీళ్లు తీసి కొత్తవి పోయడమే దారి.

ఇది ఇంటి కొలనుల బాధే అనుకోనక్కర్లేదు. 2016 రియో ఒలింపిక్స్‌లో డైవింగ్ కొలను ప్రపంచమంతా చూస్తుండగానే పచ్చబడింది. ఎవరో అందులో హైడ్రోజన్ పెరాక్సైడు పోశారు, అది క్లోరిన్‌ను పనిచేయకుండా చేసింది.

పచ్చబడ్డాక ఏం చేయాలి? ముందు గోడలు, మెట్లు, మూలలు బ్రష్‌తో గట్టిగా తోమాలి. నాచు పైన జిగురుపొర ఉన్నంతసేపు మందు లోపలికి దిగదు. గోడకు నల్లమచ్చల్లా అంటుకునే రకమైతే మరీ మొండిది. తర్వాత పీహెచ్‌ను 7.2కి దించి, సూర్యాస్తమయం అయ్యాక క్లోరిన్ వేయాలి. 50,000 లీటర్ల కొలనులో లీటరుకు 10 మిల్లీగ్రాములు పెంచాలంటే 65 శాతం కాల్షియం హైపోక్లోరైట్ సుమారు 770 గ్రాములు పడుతుంది. పొడిని బకెట్ నీళ్లలో వేయాలి, పొడి మీద నీళ్లు పోయకూడదు. దాన్ని టీసీసీఏతో గానీ ఆమ్లంతో గానీ ఒకే పాత్రలో కలపడం ప్రాణాంతకం. పంపు రాత్రంతా తిరగాలి, ఫిల్టరుకు బ్యాక్‌వాష్ చేస్తుండాలి.

మైలుతుత్తం వేస్తే తీరిపోతుందని చెప్పేవాళ్లు ఉంటారు. అందులోని రాగి నాచును చంపుతుంది నిజమే, కానీ మోతాదు మించితే గోడలకు మరకలు మిగులుతాయి. నీళ్లన్నీ తోడి పారబోయడమైతే నాకసలు నచ్చదు. నీటి ఎద్దడితో, పైపుతో కారు కడిగితే 2,000 రూపాయల జరిమానా అని 2024 మే నెలలో ప్రభుత్వం ప్రకటించాల్సి వచ్చిన నగరం ఢిల్లీ.

నీళ్లు నీలంగా మారగానే నాచు చచ్చిందనుకోకూడదు. చీకటి పడ్డాక ఒకసారి, పొద్దు పొడవక ముందు ఇంకోసారి క్లోరిన్ కొలవండి. పసుపు రంగు చూపే ఓటీవో చుక్కలు ఇందుకు చాలవు, అవి పనికిరాకుండా పోయిన క్లోరిన్‌ను కూడా కలిపి లెక్కిస్తాయి. స్వేచ్ఛా క్లోరిన్‌ను విడిగా చూపే డీపీడీ పరీక్ష కావాలి. క్లోరిన్ మరీ ఎక్కువైతే డీపీడీ రంగు వెలిసి సున్నాలా కనిపిస్తుంది కాబట్టి నమూనాలో ఆర్‌ఓ నీళ్లు కలిపి పల్చన చేసి చూడాలి. రాత్రి ఎండ లేదు. కాబట్టి తెల్లారేసరికి లీటరుకు ఒక మిల్లీగ్రాము కన్నా ఎక్కువ తగ్గిందంటే దాన్ని తినేది లోపల ఇంకా ఉన్నట్టే. ఆ సాయంత్రం మళ్లీ బ్రష్ పట్టుకోవాలి.